మస్కట్ నుంచి వచ్చిన గ్రిల్లు

పోయిన నెల కుక్కర్ రబ్బరు కోసం కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద వంటసామాన్ల షాపుకు పోయాను. రబ్బరుకు పోయినవాడు రబ్బరు కొనుక్కుని రావాలి. నేను అట్లా రాను. షాపులో ఉన్నవన్నీ ముట్టుకుని, అన్నింటి ధరలూ అడిగి, అమ్మేవాళ్ళ ఓపిక పరీక్షించి వస్తానని మా ఇంట్లో నాకు పేరు. ఆ రోజు షాపు గుమ్మంలోనే ఒక గ్యాస్ గ్రిల్లు నిలబెట్టారు. నల్లటి మూత, మూత మీద వేడి చూపించే ముల్లు, నాలుగు బర్నర్లు, నాబ్‌ల వెనుక నీలం లైట్లు, కింద చక్రాలు. పెళ్ళికి సింగారించిన కారులా ఉంది. "పదేళ్ళ దాకా చూడాల్సిన పని లేదు సార్" అన్నాడు అమ్మేతను. నేను ఏమీ అనకముందే నా చెయ్యి లేచి, మూత మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. టంగుమంది.

"రేకు" అన్నాను.

"ఏంటి సార్?" అన్నాడతను. ఏం లేదన్నాను.

ఆ కొట్టడం నాది కాదు. మా మామది. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన చేతి అలవాటు నా చేతికి ఎప్పుడొచ్చి చేరిందో నాకు తెలియదు. బయటికి వచ్చి బండి మీద కూర్చుని చాలాసేపు తాళం చెవి పెట్టలేకపోయాను. రబ్బరు సంగతి ఇంటికి పోయాకగానీ గుర్తు రాలేదు.

ఆయన మా అమ్మకు తమ్ముడి వరుస. ఊరు జగిత్యాల దగ్గర. ఇరవైమూడేళ్ళు మస్కట్‌లో ఉన్నాడు. మా దిక్కు ఎవరు ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే. మొదట్లో సెలవు మీద వచ్చినప్పుడల్లా "దుబాయి కాదే, మస్కట్" అని ఊరంతా దిద్దేవాడు. తర్వాత విసిగిపోయి తానే "దుబాయిల ఉంట" అనడం మొదలుపెట్టాడు. అక్కడ ఒక అర్బాబు, అంటే యజమాని, తోటబంగళాలో పని. చెట్లకు నీళ్ళు పెట్టడం, కార్లు కడగడం, అన్నింటికీ మించి జుమ్మా నాడు, అంటే శుక్రవారం, గ్రిల్లు మీద మాంసం కాల్చడం. జుమ్మా అక్కడ సెలవు. అర్బాబు అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, స్నేహితులు అందరూ కలిసి ముప్పై మంది తోటలో చాపలు పరుచుకుని కూర్చుంటే, మామ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా పొగలో నిలబడేవాడు.

ఆ పని మానేసి వచ్చేటప్పుడు అందరిలాగే ఆయనా కార్గోలో సామాను వేశాడు. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు వస్తాయని ఇంట్లో ఎదురుచూశారు. నెల రోజులకు లారీలోంచి నలుగురు మనుషులు మోసి దించింది ఒక పాత గ్యాస్ గ్రిల్లు. నల్లగా, మొద్దుగా, చక్రాల్లేకుండా, నాలుగు ఇనుప కాళ్ళ మీద.

"ఇరవైమూడేండ్లకు ఇంటికి తెచ్చింది గీ ఇనుప పెట్టెనా?" అన్నది మా అత్త.

"అర్బాబు పారేస్తుంటే అడుక్కున్ననే. గిసొంటిది ఇప్పుడు దొరుకది" అన్నాడు మామ, ఆమె మెచ్చుకుంటుందనుకుని.

"పారేసిందా? పారేసినదానికి పైసలు పెట్టి సముద్రం దాటిచ్చినవా?"

అత్త కోపంలో న్యాయం లేదని నేననను. కానీ ఆ గ్రిల్లు గురించి మామ చెబుతుంటే వినడం వేరే అనుభవం. నేను ఫిజిక్స్ చెప్పేవాడినని నా మీద ఆయనకు ప్రత్యేకమైన గురి, ప్రత్యేకమైన చులకన. "నువ్వు సదువు చెప్పేటోనివి గద, చెప్పు అల్లుడా, గీ జాలి ఎందుకు గింత మందం పోసిండ్రు?" అని మాంసం పెట్టే ఇనుప ఊచల పలకను తట్టేవాడు. నేను వేడి నిలవడం గురించి ఏదో చెప్పబోతే సగంలోనే ఆపేవాడు. "అంతే గద. పోత ఇనుము. ఆలస్యంగ కాగుతది, ఆలస్యంగ సల్లారుతది. మాంసం పెట్టంగనే జర్రుమంటది, ముక్క అంటుకోదు. కొత్తదాని జాలి ఎట్లుంటదో ఎరికేనా? సైకిల్ పుల్లలు." అని ఆ సన్నదనం వేళ్ళతో చూపించేవాడు.

ఆయన దగ్గర ఉన్నదంతా ఆ పోలికే. ఒకసారి మొదలుపెడితే గంట. పాతదానికి మూడు బర్నర్లు, మూడూ పోతపోసినవి. కొత్తదానికి ఆరు, ఆరూ సన్నటి రేకు గొట్టాలు, కొవ్వు కారి పడితే ఏడాదికి రంధ్రాలు. పాతదాని ప్రతి బోల్టూ పానాతో విప్పొచ్చు, కడగొచ్చు, మళ్ళీ బిగించొచ్చు. కొత్తదానికి బోల్టులుండవు, నొక్కి పారేస్తారు. ఒక్కటి పోతే మొత్తం పోయినట్టే. పాతది అగ్గిపుల్లతో వెలిగించాలి. కొత్తది నొక్కితే టిక్కుమని అంటుకుంటుంది, ఆరు నెలల తర్వాత టిక్కుమనడం మాత్రమే మిగులుతుంది. "పైన పటారం, లోన లొటారం" అని ముగించేవాడు.

అయితే మామను పాతకాలపు మనిషని కొట్టిపారేయడానికి లేదు. కొత్తదాని మంచి కూడా చెప్పేవాడు. అది తొందరగా వేడెక్కుతుంది. దాని కింద నూనె పళ్ళెం సొరుగులా బయటికి వస్తుంది. పాతదాంట్లో చెయ్యి పెట్టి గోకాలి, మోచేతి దాకా మసి. పాతదానికి ఒక లోపం కూడా ఉండేది. కుడివైపు వెనుక మూలకు మంట సరిగ్గా అందదు. అక్కడ పెట్టిన ముక్క ఎంతకీ కాలదు. "గా మూల నాదల్లుడా. అందరికి పెట్టినంక మిగిలే నా వంతు ముక్కలు ఆడ పెడుతుంటి" అన్నాడొకసారి, ఏదో వాటా దక్కినట్టు నవ్వుతూ.

అర్బాబు కొడుకు పెద్దవాడై కొత్త గ్రిల్లు తెచ్చాడట. సముద్రపు గాలికి రెండేళ్ళలో దాని కాళ్ళు జంగు పట్టి ఒకవైపు ఒరిగింది. అది పారేసి ఇంకొకటి తెచ్చాడు. అదీ పోయింది. పాతది మాత్రం గోడ పక్కన ఎండకు ఎండి, దుమ్ముకు కొట్టుకుని, ఎప్పుడు గ్యాసు పైపు తగిలించినా మండేది. మూడోసారి కొత్తది వచ్చినప్పుడు, తాను వెళ్ళిపోతానని చెప్పి, దాన్ని అడిగాడు మామ. అర్బాబు నవ్వి తీసుకుపొమ్మన్నాడట.

ఇక్కడికి వచ్చాక దాన్ని మళ్ళీ మండించడానికి ఆయన నెల రోజులు పడ్డ తిప్పలు నాకు తెలుసు. అక్కడి గ్యాసు ఒత్తిడి వేరు, ఇక్కడిది వేరు. జెట్లు, అంటే గ్యాసు చిమ్మే చిన్న ఇత్తడి ముక్కలు, మార్చాలి. కరీంనగర్‌లో నాలుగు గల్లీలు నన్ను వెంటేసుకుని తిరిగాడు. చివరికి ఒక పొయ్యిల మెకానిక్ దగ్గర దొరికాయి. మంట ఎర్రగా వస్తే జెట్టు విప్పడం, మళ్ళీ బిగించడం, మళ్ళీ చూడడం. నీలం మంట వచ్చిన రోజు నాకు ఫోన్ చేసి ఆ మాట ఒక్కటే చెప్పాడు. "నీలం వచ్చిందల్లుడా." ఇంట్లో ఎవరికీ చెప్పలేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ ఇల్లు ఆయన పంపిన డబ్బుతోనే లేచింది. కానీ ఇంటికి ఆయన అలవాటు లేదు, ఆయనకు ఇల్లు అలవాటు లేదు. అన్నం తినగానే తన కంచం తానే కడిగి, కిటికీలో బోర్లించి, పక్కన గ్లాసు పెట్టేవాడు. "నేను సచ్చిన్ననా? కంచం నువ్వెందుకు కడుగుతవ్?" అని అత్త అరిచేది. మర్నాడు మళ్ళీ అదే పని. కుర్చీలో కూర్చున్నా అంచున కూర్చునేవాడు, ఎవరన్నా పిలిస్తే వెంటనే లేవడానికి వీలుగా. టీవీ చూస్తున్నవాళ్ళ వెనుక నిలబడి చూసేవాడు. "చుట్టపోని లెక్క ఉంటడు" అనేది అత్త నాతో. ఆ మాటలో ఎకసెక్కం ఉండేది, బాధ కూడా ఉండేది.

మనుమడి పుట్టినరోజుకు పెద్దకొడుకు హైదరాబాద్ నుంచి ఒక కొత్త గ్రిల్లు తెప్పించాడు. ఇంట్లో ఒకటి ఉందిగదా అంటే, "గది వచ్చేటోళ్ళకు సూపెట్టేటట్టున్నదా బాపు?" అన్నాడు. మామ కొత్తదాని చుట్టూ ఒకసారి తిరిగి, మూత మీద వేలి కణుపుతో కొట్టి, నా వైపు చూశాడు. ఆ రోజు దాని ముందు నిలబడింది ఆయనే. ఎనభై మందికి కాల్చాడు. అందరూ తిన్నారు, "దుబాయి రుచి" అన్నారు, ఫోటోలు దిగారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేసరికి కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఒక్క వానాకాలం తర్వాత ఆ కొత్తదాని అడుగు రేకు పొరలు పొరలుగా లేచింది. కొడుకును ఒక్కమాట అనకుండా, గరుకు కాగితంతో ఆ జంగునంతా రుద్ది, రంగు వేసి పెట్టాడు మామ. నేనైతే నెల రోజులు దెప్పేవాడిని.

ఆ తర్వాతే ఆయనకు ఒక కోరిక పట్టుకుంది. "ఇంటోళ్ళమే అల్లుడా. బయటోళ్ళు ఒద్దు. పాత గ్రిల్లు చుట్టూత చాపలేసుకుని, అందరం ఒక్కసారి కూసోని తినాలె. నేను గూడ కూసోవాలె." చివరి మాట రెండుసార్లు అన్నాడు. ఆయన నన్ను కోరినది జీవితంలో అదొక్కటే.

ఒకరోజు ఫోన్ చేశాడు. "శుక్కురారం రా అల్లుడా. అయిదు కిలోల కోడి చెప్పిన. అత్తకు చెప్పలే, ఒక్కసారే సూపెడ్త."

నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, "శ్రావణ శుక్రవారం పూట కోడి కాలుస్తారా మీ మామ?" అన్నది. అప్పుడు వెలిగింది నాకు. ఇరవైమూడేళ్ళు ఆయనకు శుక్రవారమంటే సెలవు, పండుగ, మాంసం. మన శుక్రవారాలు ఆయన ఎప్పుడో మర్చిపోయాడు. సెలవు మీద ఎప్పుడొచ్చినా ఎండాకాలం పెళ్ళిళ్ళకే వచ్చాడు గనుక శ్రావణం ఆయనకు తగలనే లేదు. ఆ ఇంట్లో వరలక్ష్మీ వ్రతమనేది పెద్దకోడలు వచ్చాక మొదలైన ఆచారం, ఆయన లేనప్పుడు. తిరిగి వచ్చాక మొదటి శ్రావణంలో పురుడు వచ్చి వ్రతం చేయలేదు. ఇంకో ఫోన్ చేసి చెబితే అయిపోయేది. ఇంట్లో వాళ్ళే చెబుతారులే అనుకున్నాను. చెప్పలేదు. నా బద్ధకానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పోయేసరికి ఇంటి ముందు మామిడాకులు, పసుపు రాసిన గడప. ముందు గదిలో అమ్మవారిని నిలబెట్టి అత్తా కోడలూ పేరంటాళ్ళ కోసం వాయినాలు సర్దుతున్నారు. వెనుక దొడ్లో మామ అయిదు చాపలు పరిచి, గ్రిల్లు వెలిగించి, మూత ఎత్తి ముక్కలు తిప్పుతున్నాడు. ఇస్త్రీ చేసిన అంగీ వేసుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే గాలి తిరిగి పొగ ఇంట్లోకి పోయింది.

అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. "అమ్మవారిని కూసోవెట్టుకున్నం ఇంట్ల. వెనుకకెళ్ళి కోళ్ళు కాలుస్తున్నవా?"

మామ చేతిలో ముక్కలు తిప్పే చిమ్టా అట్లాగే ఉండిపోయింది. "జుమ్మా గదనే..." అన్నాడు. అంతలోనే తన మాట తనకే వినబడ్డట్టుంది. "యాదికి లేదే. నాకెవ్వలు చెప్పలే."

"చెప్పాల్నా? ఇంట్ల ఉంటలేవా నువ్వు?"

మామ చిమ్టాను గ్రిల్లు అంచున పెట్టాడు.

"ముత్తైదలు వచ్చే యాల్లయింది. దాన్ని బయటికి తీసుకపోండ్రి ముందుగాల" అన్నది. పెద్దకొడుకు, నేను చెరోవైపు పట్టుకున్నాం. కాలుతున్న ఇనుము, నలుగురు మోసే బరువు, కదలలేదు. మామ చిన్నగా, ఎవరితోనో ఒప్పుకుంటున్నట్టు, "కొత్తదానికి గీరెలుంటయి" అన్నాడు, దాని చక్రాలు తలుచుకుని. వంగి మూడు నాబ్‌లూ ఒక్కొక్కటే ఆపేశాడు.

"నువ్వన్న ఒక ముక్క తిను అల్లుడా" అన్నాడు నాతో. అత్త ఇంకా గుమ్మంలోనే ఉంది. నేను శ్రావణం పాటించేవాడిని కాదు. ముందు రోజే బిర్యానీ తిన్నాను. అయినా, "ఇయ్యాల తినను మామా" అన్నాను. నేను దేవుడికి భయపడలేదు, అత్తకు భయపడ్డాను. ఆయన తల ఊపాడు.

ముక్కలన్నీ గిన్నెలోకి తీసి బట్ట కట్టి నా బండి మీద కూర్చున్నాడు. రోడ్డు మీద కేబుల్ కాలువ తవ్వే పనివాళ్ళ గుడారాలున్నాయి. ఏ రాష్ట్రం వాళ్ళో తెలియదు. గిన్నె విప్పగానే చుట్టూ చేరారు. మామ వాళ్ళ మధ్య నిలబడి, హిందీలో "ఖావో, ఖావో" అంటూ ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. వాళ్ళు కూర్చున్నారు, ఆయన కూర్చోలేదు. ఒక్క ముక్క ముట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగ తిన్నరు గద?" అన్నాడు. తిన్నారన్నాను. ఊరు దగ్గరికి వచ్చాక మళ్ళీ అదే అడిగాడు.

ఆ తర్వాత గ్రిల్లు వెలగలేదు. దానికి గోనెసంచి కప్పి, చుట్టూ తాడు కట్టి, మస్కట్‌లో చివరి రోజు ఎట్లా కట్టాడో అట్లాగే కట్టి పెట్టాడు. చాపలేసుకుని కూర్చుందామన్న మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తొమ్మిది నెలలకు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఏది ఇష్టమో అది వండి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చున్న అత్త నన్ను లోపలికి పిలిచింది. మూడు రోజులు ఏడ్చిన గొంతు.

"అల్లుడా, ఆయనకేమిష్టమో నీకేమన్న ఎరికేనా?"

"నీకు తెలువదా అత్తా?" అన్నాను, తప్పని తెలిసీ.

"ఏం పెట్టినా తిన్నడు. ఒద్దనలే, ఇంకింత ఎయ్యమనలే. మస్కట్‌ల ఉన్నన్ని రోజులు ఫోన్‌ల 'తిన్నవా' అని అడిగేదాన్ని. 'తిన్న' అనేటోడు. ఏం తిన్నవని ఒక్కనాడు అడుగకపోతి." కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆయన గూడ నన్నడుగలే."

పెద్దకొడుకును అడిగితే, "బాపుకు గ్రిల్లు కోడి గద" అన్నాడు. నాకెందుకో నమ్మకం కలగలేదు. మామ ఫోన్‌లో మస్కట్ నంబరు ఒకటుంది. నిర్మల్ దిక్కు మనిషి, పదిహేనేళ్ళు ఆయనతో ఒకే గదిలో ఉన్నాడు. ఫోన్ చేసి విషయం చెప్పాను.

"కోడా? వద్దు సార్" అన్నాడతను. "ఆ పొగల నిలవడి నిలవడి మాంసం వాసనంటేనే పడకపోయేది అన్నకు. జుమ్మా నాడు అందరికి కాల్చి పెట్టి, రూంకొచ్చి తానం జేసి, పచ్చిపులుసు పిసుక్కుని తినేటోడు. ఒక్కడే. మమ్ముల గూడ కూసోమనేటోడు గని మేం అప్పటికే తిని పండుకుందుము." ఎవరో పిలుస్తున్నట్టున్నారు, డ్యూటీ ఉందని పెట్టేశాడు.

అత్త అంతా వింటూనే ఉంది. లేచి చింతపండు నానబెట్టింది. ఉల్లిగడ్డ సన్నగా తరిగింది. పచ్చిమిరపకాయ కాల్చి నలిపింది. రెండున్నరేళ్ళు ఆయనకు ప్రతి ఆదివారం తన చేత్తో కోడికూర వడ్డించిన మనిషి. పులుసు పిసికి, గుప్పెట్లోకి ఉప్పు తీసుకుని ఆగిపోయింది. పిట్టకు పెట్టేది ముందు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది.

"ఉప్పు ఎక్కువ తింటుండెనా, తక్కువ తింటుండెనా?" అని అడిగింది.

నేను మస్కట్‌కు మళ్ళీ ఫోన్ కలిపాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. అత్త గిన్నె మీద గుప్పెట మూసి పట్టుకుని నా మొఖంలోకే చూస్తున్నది.